రెండు ముక్కల బూటు అచ్చు

బూటు అందాన్ని మెచ్చుకునేవాళ్లు దాన్ని మలిచిన అచ్చును తలుచుకోరు. నా దృష్టిలో సగం పనితనం దానిదే.

తడిపిన తోలును పట్టుకారుతో లాగి, అచ్చు మీద బిగించి మేకులు కొడతారు. బూటు తయారయ్యాక అచ్చు బయటికి రావాలి. చిక్కంతా అక్కడే. మడమ దగ్గర బూటు పైఅంచు ఇరుకు, లోపల వెడల్పు. ఒకే ముక్క అచ్చును బలవంతంగా లాగితే మడమ భాగం సాగిపోతుంది. అందుకే కొన్ని కొయ్య అచ్చుల్లో పైభాగాన్ని విడి ముక్కగా కోస్తారు. ముందు అది తీసేస్తే మిగతాది సులువుగా వస్తుంది. ఇంకో పద్ధతిలో నడుమ వి ఆకారపు కోత పెట్టి, లోపల స్ప్రింగు బిగిస్తారు. మడిస్తే అచ్చు పొడవు తగ్గి, మడమ జారి బయటపడుతుంది. ఎంత చక్కటి ఆలోచన!

అతుకు కుదర్చడంలోనే అసలు నేర్పు ఉంది. అడుగున వెంట్రుకవాసి ఎగుడుదిగుడున్నా లోపలి అట్ట మీద గీత పడొచ్చు. తోలు లాగే బలానికి అతుకు కదిలితే కొలతే మారిపోతుంది. కొయ్య తడికి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఫ్యాక్టరీలు ప్లాస్టిక్ అచ్చులకు మళ్లడానికి అదొక కారణం.

ఈసారి బూట్లు కొనేటప్పుడు మడమ దగ్గర పట్టు చూడండి. అక్కడ కుదిరిందంటే అచ్చు చేసినవాళ్లను ఒక్కసారి మెచ్చుకోండి.