యంత్రం ఎక్కలేని కొండ

స్పెయిన్ వైన్ అనగానే చాలామంది రియోహా పేరు చెబుతారు. నా మనసు మాత్రం ఆ దేశపు వాయవ్య మూలకు, గలీసియాలోని రిబెయిరా సాక్రాకు పోతుంది. అక్కడ మిన్యో, సిల్ నదులు లోతుగా కోసిన లోయల్లో, నిట్టనిలువు వాలు మీద రాతిగోడలు కట్టి మెట్లుమెట్లుగా ద్రాక్ష పెంచుతారు. మధ్యయుగాల్లో ఆ లోయల నిండా క్రైస్తవ మఠాలుండేవి. తోటలను నిలబెట్టింది ఆ సన్యాసులే.

ఆ మెట్ల మీదికి ట్రాక్టరు రాదు. కొమ్మల కత్తిరింపు దగ్గర్నుంచి కోత దాకా అన్నీ చేతిపనే. గుత్తులను పెట్టెల్లో నింపి భుజాన మోస్తారు. కొన్ని తోటల్లో వాలు వెంట పట్టాలు వేసి చిన్న బండ్లలో పైకి లాగుతారు.

ప్రధానమైన నల్లద్రాక్ష మెన్సియా. అది ఫ్రాన్సులోని కాబెర్నే ఫ్రాంక్‌కు చుట్టమని చాలాకాలం అనుకున్నారు. డీఎన్ఏ పరీక్షలు కాదని తేల్చాయి. పోర్చుగల్‌లో జాయెన్‌గా పెరిగేది ఈ రకమే. దీని వైన్ తేలిగ్గా, ఎర్రటి పండ్ల వాసనతో ఉంటుంది. తెల్లద్రాక్షలో గొదెల్లో రకానికి పెద్దపీట.

ఈ రకాలు మిగలడం నాకు గొప్పగా తోస్తుంది. 19వ శతాబ్దంలో వేర్లను పీల్చే ఫిలోక్సెరా పురుగు తోటలను నాశనం చేసింది. ఆ తర్వాత రైతులు ఎక్కువ కాపునిచ్చే పాలొమినో, గార్నాచా తింతొరేరా రకాలు నాటుకున్నారు. బతుకుతెరువు కోసం జనం వలసపోయారు. 1963లో మిన్యో మీద బెలెసార్ డ్యామ్ కట్టాక దిగువ మెట్లు నీట మునిగాయి. పక్కనున్న వాల్దెయోరాస్‌లో గొదెల్లో దాదాపు అంతరించే దశకు వస్తే, 1970ల్లో ఒరాసియో ఫెర్నాండెస్ ప్రేసా, లూయిస్ ఇదాల్గో అనే ఇద్దరు పూనుకుని పాత తీగలు వెతికి మళ్లీ నాటించారు. రిబెయిరా సాక్రాకు 1996లో ప్రాంతీయ గుర్తింపు దక్కింది. ఆ తర్వాతే బయటి ప్రపంచం ఈ సీసాల వైపు చూడసాగింది.

ఇక్కడి అసలు పనితనం గోడలో ఉందని నా నమ్మకం. రాయి జారితే మట్టి పోతుంది, మట్టి పోతే తీగ పోతుంది. ఏటా ఎవరో ఒకరు ఆ రాయిని తిరిగి పేర్చాలి. కాబట్టి ఈ వైన్ ధర ఎక్కువనిపిస్తే, అందులో గోడ పేర్చిన చేతుల కూలి కూడా కలిసి ఉందని గుర్తుంచుకోండి. ఆ కూలి గిట్టనినాడు మెన్సియా ఉండదు, మెట్లూ మిగలవు.