మూడు పడవల దూరం

హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పందెం జరుగుతుంటే జనం స్టార్ట్ చూస్తారు, ఫినిష్ చూస్తారు. నా కన్ను మాత్రం లీవార్డ్ మార్క్ మీదే ఉంటుంది. గాలి వెంట దిగివచ్చిన పడవలన్నీ అక్కడ నీటి మీద తేలే ఆ గుర్తును చుట్టి, మళ్లీ గాలికి ఎదురెక్కాలి. వరసలు తారుమారయ్యేది ఎక్కువగా అక్కడే.

కొత్తవాళ్లు మార్క్‌ను ఆనుకుని నేరుగా వచ్చేస్తారు. తిరగడం పూర్తయ్యేసరికి పడవ దూరంగా కొట్టుకుపోయి ఉంటుంది, ఆ సందులో వెనకవాడు దూరిపోతాడు. తిరుమల ఘాట్‌లో బస్సు డ్రైవర్ ఏం చేస్తాడు? ముందు బయటికి లాగి, తర్వాత లోపలికి కోసుకొస్తాడు. ఇక్కడా అంతే: వచ్చేటప్పుడు వెడల్పుగా, పోయేటప్పుడు మార్క్‌ను రాసుకుంటూ. రాసుకుంటూ అన్నాను గానీ, తగలకూడదు సుమా! తగిలితే ఒక ట్యాక్ (పడవ ముక్కు గాలిని దాటేలా తిరగడం), ఒక జైబ్ (వెనక భాగం గాలిని దాటేలా తిరగడం) కలిపి గిర్రున తిరిగి శిక్ష తీర్చుకోవాలి.

ఆప్టిమిస్ట్ అనే చిన్న తెరచాప పడవను నడిపే పిల్లల చేతులు చూడాలి. తెరచాపను అదుపుచేసే తాడును, అంటే షీట్‌ను, చేయి మార్చి చేయి లాగుతూనే ఉంటారు. పడవ ఎంత తిరిగితే తాడు అంత లోపలికి రావాలి. మార్క్ పక్కకు వచ్చేసరికి పూర్తిగా బిగిసి ఉండాలి. చుక్కానిని ఒక్కసారిగా తోస్తే అది బ్రేకే అవుతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు ఒంటి బరువుతో పడవను గాలి పోయే వైపుకు కాస్త వాలుస్తారు. సగం మలుపు పడవే తిరిగేస్తుంది.

ఇక తగాదాల సంగతి. మార్క్ చుట్టూ మూడు పడవల పొడవు మేర జోన్. ఆప్టిమిస్ట్ సుమారు 2.3 మీటర్లు కాబట్టి దాని జోన్ దాదాపు ఏడు మీటర్లు. అందులో అడుగుపెట్టే క్షణానికి రెండు పడవలు పక్కపక్కన ఉంటే బయటి పడవ లోపలిదానికి చోటివ్వాలి. అందుకే ఆ “రూమ్! రూమ్!” కేకలు. నాలుగైదు పడవలు గుంపుగా వస్తే, బయటి నుంచి పెద్ద చుట్టు తిరగడం కన్నా వేగం తగ్గించి, లోపలివాళ్ల వెనకే దూరడం మేలు. పందెంలో నెమ్మదించడానికి మనసొప్పదు, పెద్దవాళ్లకైతే మరీను.

జూలైలో మాన్‌సూన్ రెగట్టా అనే పడవ పందేలు జరిగేటప్పుడు ఒడ్డుకు వెళ్తే బైనాక్యులర్స్ పట్టుకెళ్లండి. ముందున్న పడవను వదిలేసి, లీవార్డ్ మార్క్ దగ్గర మూడో పడవనూ నాలుగో పడవనూ చూడండి.