మూత్ర పరీక్షల ప్రామాణీకరణ: బిజినేపల్లి దృష్టి నుండి ఒక విమర్శ

కీలక పదాలు: మూత్ర పరీక్ష, ప్రామాణీకరణ, నమూనా సేకరణ, అపకేంద్రణం, బిజినేపల్లి

1. ప్రస్తావన

వైద్య ప్రయోగశాలల్లో మూత్ర పరీక్ష చవకైనది, తరచుగా జరిగేది. బహుశా అందువల్లనే దాని ప్రామాణీకరణపై శ్రద్ధ కొరవడింది. అమెరికాలోని క్లినికల్ అండ్ లేబొరేటరీ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూట్ 2009లో వెలువరించిన మార్గదర్శకం, నమూనాను రెండు గంటలలోపు పరీక్షించాలని, వీలుకానప్పుడు శీతలీకరించాలని నిర్దేశించింది. నాగర్‌కర్నూల్ జిల్లాలోని బిజినేపల్లి వంటి మండలకేంద్రంలో ఈ నియమం ఏ మేరకు నిలుస్తుందన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

2. గది ఉష్ణోగ్రత ఎవరి గదిది?

రెండు గంటల గడువు 20–25 డిగ్రీల గదిని ఊహించుకొన్నది. పాలమూరు ప్రాంతపు వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. వేడిలో నిలిచిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరిగి, యూరియాను విడగొట్టి, క్షారగుణాన్ని పెంచుతాయి. అతిక్షార మూత్రంలో ప్రోటీన్ లేకున్నా పరీక్షా పట్టీ ఉన్నట్లు చూపవచ్చు. అప్పుడు ఆరోగ్యవంతురాలైన గర్భిణికి గుర్రపువాతపు భయం అంటగట్టి పెద్దాసుపత్రికి పంపవలసి వస్తుంది. అదే నమూనాలో చక్కెర కరిగిపోయి మధుమేహం మరుగున పడవచ్చు. ఒకటి లేని రోగాన్ని చూపుతుంది, మరొకటి ఉన్న రోగాన్ని దాస్తుంది. 2018లో హైదరాబాద్‌లో మొదలై జిల్లాలకు విస్తరించిన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పద్ధతిలో నమూనాలు ఆరోగ్య కేంద్రాల నుండి దూరపు ప్రయోగశాలకు చేరుతాయి. కనుక ప్రామాణీకరణ యంత్రం వద్ద కాక, సీసా వద్దనే ఆరంభం కావాలి.

3. ఒకే వేగం, వేరు ఫలితాలు

నిమిషానికి 1500 చుట్లతో ఐదు నిమిషాలు తిప్పాలన్నది వాడుకలోని సూత్రం. కాని 10 సెం.మీ. వ్యాసార్థం గల యంత్రంలో అది గురుత్వానికి సుమారు 250 రెట్ల బలాన్నిస్తే, 16 సెం.మీ. యంత్రంలో సుమారు 400 రెట్లనిస్తుంది. మడ్డిలోని కణాల సంఖ్య తదనుగుణంగా మారుతుంది. ఇక సూక్ష్మదర్శిని కంటికటకపు క్షేత్రసంఖ్య 18 నుండి 22కు మారితే, కనిపించే వైశాల్యం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అందుచేత "క్షేత్రానికి 5–6 చీముకణాలు" అన్న నివేదిక రెండు ప్రయోగశాలల నడుమ పోల్చదగినది కాదు. మైక్రోలీటరుకు ఇన్ని కణాలని చెప్పడమే శాస్త్రీయం.

4. ముగింపు

"మొదటి ధార వదిలి, నడిమి ధార పట్టండి" అన్న ఒక్క వాక్యం రోగికి తెలుగులో అర్థమయ్యేలా చెప్పడం, సీసాపై సేకరణ సమయం రాయడం, మంచుపెట్టెలో పంపడం, చుట్లకు బదులు బలాన్ని పేర్కొనడం ఖరీదైన సంస్కరణలు కావు. ప్రమాణం స్థానిక ఎండను, స్థానిక భాషను లెక్కించనంత కాలం అది కాగితంపై నియమంగానే మిగులుతుంది.