చలనచిత్రములందు సీమపలుకుబడి

గడచిన రెండు మాసములలో నాలుగు తెలుఁగు చలనచిత్రములను జూచితిని. అందు మూఁడు కృష్ణదేవరాయల కథతో నేదో యొక సంబంధము గలవి: మల్లీశ్వరి (1951), మహామంత్రి తిమ్మరుసు (1962), ఆదిత్య 369 (1991). నాలవది 2021లో వెలువడిన సినిమాబండి. కథాగుణదోషములను సమగ్రముగా విచారించుట నా యుద్దేశము గాదు. వ్యాకరణము చదివినవాని చెవి ముందుగాఁ గ్రియాపదములమీఁదికిఁ బోవును. కన్ను తరువాత వచ్చును. కావున నీ చిత్రములందు పాత్రల నోట వినఁబడిన తెలుఁగు ఏ సీమదను విషయమే యిచట ప్రసక్తము.

మల్లీశ్వరిని జూచి సంతసింపనివాఁ డుండునా? నేఁతపనివారి యింటి పిల్లలు, ఆ బావామఱదళ్ల చనవు, వానరాత్రి, దారినఁ బోవు రాజుతోడి పరిహాసము, ఆ పరిహాసమే శాపమై పరిణమించుట, ఇవన్నియుఁ జక్కని కూర్పుతో సాగినవి. దర్శకులు బి.యన్. రెడ్డిగారు కడపమండలమువారు. కథకు మూలము బుచ్చిబాబుగారి రచన. మాటలను బాటలను గూర్చినవారు పిఠాపురప్రాంతపు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు. కావున విజయనగరరాజ్యపు పల్లెపడుచు గోదావరీమండలపుఁ దీయఁదనముతోఁ బలుకును. వినుటకు హాయియే. కాని ధర్మవరమున మగ్గముల చప్పుడు నడుమఁ బెరిగినవాఁ డెవ్వఁడును దానిని దన యింటిపలుకని యొప్పుకొనఁడు.

మహామంత్రి తిమ్మరుసు పెనుకొండవారికి పరాయికథ గాదు. కన్నులు గోలుపోయిన మంత్రి యా దుర్గముననే చెఱలో నుండెనని స్థానికులు చెప్పుదురు. ‘తిమ్మరుసు బందిఖానా’ యని యొక కట్టడమును నేఁటికిని జూపుదురు. పింగళి నాగేంద్రరావుగారి రచన బిగువైనది. గుమ్మడి వేంకటేశ్వరరావుగారి తిమ్మరుసు చివరిభాగమున మాటకన్న మౌనముచేతనే యెక్కువ చెప్పును. రాజును మంత్రియు గంభీరమైన గ్రాంథికచ్ఛాయలోఁ బలుకుదురు. ఆదిత్య 369లో నీ పద్ధతి మఱింత స్ఫుటము. ఒకే నటుఁడు రాయలుగాను, నేఁటి యువకుఁడుగాను గనఁబడును. వేషముతోపాటు భాషయే యిరువురను వేఱుచేయు గుఱుతు. రాయల కిరీటమును ధరించిన తండ్రికొడుకు లిద్దఱును, రామారావుగారు 1985, 1989, 1994లలోను, బాలకృష్ణగారు 2014, 2019, 2024లలోను, హిందూపురమునుండియే శాసనసభకు ఎన్నికైరి. ఆ యూరి పలుకు మాత్ర మా కిరీటముక్రింద వినఁబడలేదు.

రాయలు సీమయాసలోనే మాటాడెనని నా వాదము గాదు. నా వాదము వేఱు. హిందూపురపు సంతలో చెవి యొగ్గిన ‘వచ్చినాడు, చేసినారు, పోయినాము’ అను రూపములు వినఁబడును. కోస్తావ్యవహారమున నివియే ‘వచ్చాడు, చేశారు, పోయాం’ అయినవి. ‘వచ్చిన’ యను విశేషణముమీఁద ‘వాఁడు’ చేరి, వకారము లోపించి ‘వచ్చినాఁడు’ సిద్ధించును. సీమరూపమున నా నకారము చెక్కుచెదరక నిలిచినది. కోస్తారూపమున సంకోచము పొందినది. రాజపాత్రలకుఁ బ్రాచీనతను దెచ్చుటకై రచయితలు గ్రంథములను వెదకిరి. పెనుకొండ వీథులలో వెదకినచో, పాతదియు బ్రదికియున్నదియు నగు రూపము కొంతవఱకైన దొరకియుండెడిది.

ఈ కొఱఁతకుఁ గారణము తెరకన్న ముందు రంగస్థలమునందే కలదని తోఁచుచున్నది. ఆంధ్రనాటకపితామహులని పేరుగాంచిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) బళ్ళారిలో సరసవినోదినీసభను నడపిరి. అచటనే కోలాచలము శ్రీనివాసరావుగారు విజయనగరచరిత్రమును నాటకముగా మలచిరి. ఇరువురును సీమ నెఱిఁగినవారే. ఇరువురును గ్రాంథికముననే వ్రాసిరి. ఆ దినములలోనే ఉత్తరమున మఱియొక విజయనగరమునందు గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమున నింటిమాటను రంగమెక్కించిరి. కోస్తావారి వాడుకకు నాటకమున నొక మేల్మిమాదిరి యేర్పడినది. మన వాడుకకు ఏర్పడలేదు. ఆచార్యులవారి మేనల్లుఁడు బళ్ళారి రాఘవగారు 1939లో రైతుబిడ్డ చిత్రమున నటించునాఁటికి, తెలుఁగుచిత్రపు మాట కోస్తారచయితల చేతిలోనికిఁ బోయియుండెను. వారిని దూషింపఁ బనిలేదు. ఎవరి చెవిలో మ్రోగినది వారి కలమునకు వచ్చును.

తరువాత జరిగినది మాత్రము దూష్యమే. 1999లో సమరసింహారెడ్డి విజయము పొందినపిదప వరుసగా వచ్చిన కక్షల చిత్రములందు సీమయాసకుఁ జోటు దొరకినది. ఎక్కువగాఁ బ్రతినాయకుని నోట. భరతుఁడు పాత్రలకు భాషావిభాగము విధించెనని యెల్లరు నెఱుఁగుదురు. మృచ్ఛకటికమున శకారునకు శాకారి కలదు, అది మాగధీభేదము. ఒక దేశపుఁ బలుకు దుష్టునియందే వినవచ్చినచో, ఆ పలుకే దుష్టమని చూపఱులకుఁ దోఁచును. మన సీమపలుకు వెండితెరపై శాకారి యైనది. అరవింద సమేత (2018) లోని బసిరెడ్డి మాట యాసపట్టులో మెచ్చఁదగినదే; కాని యది కత్తితోడి మాట. పుష్ప (2021) చిత్తూరుయాసను నాయకునికే యిచ్చినది గదా యందురేని, ఆ నాయకుఁడు ఎఱ్ఱచందనపు దొంగ.

మన శాస్త్రకారులు దేశభేదమును జూచి యిట్లు చేయలేదు. పాణిని ప్రాచ్యుల మతమును, ఉదీచ్యుల మతమును సూత్రములలోఁ బేర్కొనెను. గమనార్థకమైన శవతిధాతువు కాంబోజులలోనే వాడుకయందున్నదని పతంజలి చెప్పెను, చెప్పి నవ్వలేదు.

ఇట్టి స్థితిలో సినిమాబండిని జూచుట చెవికిఁ బండుగ. ఆంధ్రకర్ణాటకముల పొలిమేరపల్లెలో ఆటో నడపుకొను వీరబాబునకు, ఎవరో మఱచిపోయిన విలువగల కెమెరా దొరకును. పెండ్లిండ్లలో ఛాయాచిత్రములు తీయు గణపతిని గూడఁదీసికొని యూరిలోనే సినిమా తీయఁబూనును. క్షౌరవృత్తివాఁడు నాయకుఁడు, కూరగాయలమ్ము మంగ నాయిక. దర్శకుఁడు ప్రవీణ్ కండ్రేగుల; నటులు చాలవఱకు క్రొత్తవారు. ఇందు అప్పు, అలుక, వేడుక, మొగుడుపెండ్లాల వాదము, అన్నియు పొలిమేరపలుకులోనే సాగును. కత్తి లేదు. నవ్వు కలదు, ఆ నవ్వు వారి సాహసముమీఁదఁ బుట్టునే కాని వారి క్రియాపదములమీఁదఁ గాదు. శుభమైన ముగింపుకై కథ కొంత తొందరపడినదని నా యభిప్రాయము. కెమెరాను పోఁగొట్టుకొన్నదాని పక్షము చాలినంత విచారింపఁబడలేదు. నాలుగింటిలో శిల్పమున మల్లీశ్వరియే మేటి. అయినను మా యూరి బడిపిల్లలకుఁ జూపుమన్నచో ముందుగా సినిమాబండినే చూపుదును.

చూపితిని గూడ. ఈ పిల్లలు ఇంట ‘వచ్చినాడు’ అందురు. తరగతిలో నోరు విప్పఁగానే సిగ్గుపడి ‘వచ్చాడు’ అని దిద్దుకొందురు. ఆ దిద్దుబాటును వారికి బోధించినది వ్యాకరణము గాదు, తెర. చిత్రము ముగిసినపిదప నొక బాలుఁడు “మా అవ్వ మాట్లాడినట్లే ఉండాది సార్” అనెను. ‘ఉంది’ యందు ధాతువుయొక్క డకారము విడిగా వినఁబడదు. ‘ఉండాది’ యందు ఉండుధాతువు సమగ్రముగా నిలిచియున్నది. ఆ రూపమును నల్లబల్లమీఁద వ్రాసి, మఱునాఁటి పాఠ మచటినుండియే మొదలిడితిని.