కంటికీ ఉపవాసం: జిట్టావ్ తెర

ఉపవాసమంటే నోరు కట్టుకోవడమే అనుకుంటాం. మధ్యయుగాల యూరప్ కాథలిక్కులు కళ్లు కూడా కట్టుకున్నారు. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలంలో మాంసం మానడంతోపాటు, గుడిలో బలిపీఠం కనబడకుండా పెద్ద తెర కట్టేవారు. పూజ వినబడేది, కనబడేది కాదు. పవిత్ర వారంలో బుధవారం, యెరూషలేము దేవాలయపు తెర చిరిగిన ఘట్టం చదువుతుండగా చాలాచోట్ల ఆ తెర జారవిడిచేవారు.

అలాంటి తెర ఒకటి జర్మనీ తూర్పు కొసనున్న జిట్టావ్‌లో నిలిచింది. యాకోబ్ గుర్ట్లర్ అనే ధాన్యం, సుగంధద్రవ్యాల వర్తకుడు 1472లో దాన్ని సమర్పించాడు. 8.20 మీటర్ల ఎత్తు, 6.80 మీటర్ల వెడల్పున్న లినెన్ గుడ్డ. గీసినవాడి పేరు తెలియదు గానీ పనితనం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. పది వరుసలు, వరుసకు తొమ్మిది బొమ్మలు. సృష్టితో మొదలై కడపటి తీర్పుతో ముగుస్తాయి. సగం పాత నిబంధనవి, సగం కొత్త నిబంధనవి. ప్రతి బొమ్మకూ ప్రాసకట్టిన జర్మన్ మాటలున్నాయి. శ్రీకాళహస్తి కలంకారీలో రామాయణం గళ్లుగళ్లుగా, తెలుగు రాతతో నడిచినట్టే ఇక్కడ బైబిలు నడుస్తుంది. ఒక్కో గడి సుమారు మూరన్నర. అంతలోనే కథ తెలియాలి, దూరాన నిలబడ్డవాడికీ అందాలి. దాచడానికి కట్టిన గుడ్డమీదే ఇంత చూపించడం ఆ చిత్రకారుడి గొప్పతనం. పీఠానికి దూరమైన కన్ను పస్తుండలేదు, దానికి చదువు దొరికింది.

ఊరు లూథర్ మతంలోకి మారాక కూడా 1672 దాకా ఈ తెర కట్టారంటే, ఆ పనిమీద వాళ్లకెంత మమకారమో!

1945లో సోవియట్ సైనికులు దీన్ని ముక్కలుగా కోసి ఓయ్‌బిన్ కొండ దగ్గర ఆవిరిస్నానపు గదికి గోడగుడ్డగా కట్టారు. రంగులు చాలావరకు కరిగిపోయాయి. 1994-95లో స్విట్జర్లాండ్‌లోని అబెగ్ ఫౌండేషన్ నిపుణులు ముక్కలు కలిపి నిలబెట్టారు. పోయిన బొమ్మల్ని ఊహించి కొత్తగా గీయలేదు. వెలిసినచోటు వెలిసినట్టే ఉంచారు. నా దృష్టిలో ఆ నిగ్రహం మూలచిత్రకారుడి ప్రతిభకు ఏమాత్రం తీసిపోదు.

1999 నుంచి ఆ తెర జిట్టావ్ పవిత్ర శిలువ చర్చిలో పెద్ద అద్దాల పెట్టెలో ఉంది. డ్రెస్డెన్ దాకా వెళ్లే తెలుగువాళ్లు అక్కడ జిట్టావ్ రైలెక్కండి, తీరిగ్గా చూసి రండి.