తీగ చుట్టే ముందు

వాడి పారేసే వస్తువంటే నాకు ఒళ్ళు మంటని ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. రీఫిల్ దొరకని పెన్నుల మీదా, విప్పి బాగుచేయడానికి వీల్లేని మిక్సీల మీదా నేను నూరిన కారాలూ మిరియాలూ మీకు గుర్తే ఉంటాయి. అందుకే మాంచెస్టర్‌లో ఉంటున్న మా అక్క కొడుకు ఈ వారం పంపిన వీడియో చూసి తెగ సంబరపడ్డాను. బ్రిటన్‌లో వాడి పారేసే వేపుల (ఈ-సిగరెట్ల) అమ్మకాన్ని 2025 జూన్ 1 నుంచి నిషేధించారు. మావాడు అంతకు ముందే వాటికి స్వస్తి చెప్పి, ద్రవాన్ని ఆవిరిచేసే కాయిలు తనే చుట్టి బిగించుకునే అటామైజర్‌కి మారాడు. సిగరెట్టు మానాలని పట్టిన దారి అది. మన దేశంలో 2019 నాటి చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నిటినీ నిషేధించింది. కనుక ఇది చదివి ఎవరూ కొట్టు కోసం వెతకొద్దు. నా గొడవంతా తీగ గురించి.

వీడియోలో ముఖం కనపడదు, రెండు చేతులే. 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ మీద 26 గేజి కాంథల్ తీగ. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన మిశ్రమలోహం అది, స్వీడన్‌లో పుట్టింది. ఒక కొసను బొటనవేలితో అదిమిపట్టి, రెండో కొసను బిగువు సడలకుండా లాగుతూ ఆరు చుట్లు చుట్టాడు. బిట్ తీయకుండానే కొసలను రెండు స్తంభాల్లాంటి బిగింపుల్లో పెట్టి మర తిప్పాడు. బటన్ నొక్కుతూ వదులుతూ ఉంటే తీగ ముందు అంచుల్లో ఎర్రబడింది. పింగాణీ మూతి ఉన్న చిమటాతో చుట్లను దగ్గరికి నొక్కి, మళ్ళీ బటన్ నొక్కాడు. ఈసారి ఎరుపు మధ్యలో మొదలై రెండు పక్కలకూ సమానంగా పాకింది. అలా పాకితేనే కాయిలు కుదిరినట్టు. మీటరు పెడితే 0.8 ఓం చిల్లర. తర్వాత దూది ఒత్తి సందులోంచి లాగాడు, మరీ బిగువుగా కాకుండా, మరీ వదులుగా కాకుండా.

నాకు అక్కడే కడుపు నిండింది. మావాడికి నిండలేదు. “మామా, ఒంటి తీగ పాత మోడల్. ఇప్పుడంతా క్లాప్టనే” అంటూ రెండో వీడియో పంపాడు.

ఈ చుట్టుళ్ళలో ఇన్ని రకాలున్నాయని నాకు తెలీదు. చుట్టుకు చుట్టు ఆనించి వేసేది ఒకటి. కాంథల్ వేడెక్కినప్పుడు ఒంటిమీద అల్యూమినియం ఆక్సైడు పొర కడుతుంది, అందుకే చుట్లు తగులుతున్నా కరెంటు అడ్డదారి పట్టదు. నికెల్, టైటానియం తీగలైతే చుట్టుకూ చుట్టుకూ ఎడం ఉంచుతారు. రెండు తీగలు పక్కపక్కన పెట్టి ఒక్కటిగా చుట్టేది ప్యారలల్. అవే రెండిటినీ పురిపెడితే ట్విస్టెడ్. ఇక క్లాప్టన్: లావు తీగ చుట్టూ 36 గేజి సన్నతీగను వరసగా చుట్టి, ఆ తయారైన తీగతో కాయిలు చుట్టాలి. గిటారు బరువు తంతి అలాగే ఉంటుంది కాబట్టి ఎరిక్ క్లాప్టన్ పేరు పెట్టారు. మన ధర్మవరం పట్టులో జరీ పోగు సంగతీ ఇంతే, లోపల పట్టుదారం, పైన లోహపు చుట్టు. రెండు మూడు లావు తీగలను పక్కపక్కన పేర్చి వాటన్నిటికీ కలిపి సన్నతీగ చుడితే ఫ్యూజ్డ్ క్లాప్టన్. ఆ పైచుట్టు వంపులు తిరిగి అలల్లా కూర్చుంటే ఏలియన్. దీనికోసం మావాడు డ్రిల్లు మిషను ఒక పక్క, చేపల గాలానికి కట్టే తిరుగుడు కొక్కెం ఒక పక్క పెట్టి, మధ్యలో తీగను నిలబెట్టి గంటలకొద్దీ చుడుతున్నాడు.

సోకు అనుకున్నాను. ఒంటి తీగతో అయ్యేదానికి ఇంత నగిషీ ఎందుకని విసుక్కుంటూ ఫోన్ చేశాను. కానీ వాడు చెప్పింది విన్నాక సోకు అనడానికి నోరు రాలేదు. సన్నతీగ చుట్ల మధ్య సందుల్లో ద్రవం నిలుస్తుంది, వేడి తగిలే వైశాల్యం పెరుగుతుంది, ఆవిరి దట్టంగా వస్తుంది. లోహం ఎక్కువ కాబట్టి వేడెక్కడానికి ఆలస్యం. ఒంటి తీగకు పదిహేను వాట్లు సరిపోతే, దీనికి అరవై, డెబ్బై పోయాలి. అంటే బ్యాటరీ ఓర్చుకోవాలి. ఓం లెక్క తప్పితే బ్యాటరీ పేలే ప్రమాదం కూడా ఉంది. అంతా పద్ధతిగా, లెక్కతో నడిచే పని. చేతిపనికి దండం పెట్టి కాలమ్ ముగిద్దామనుకున్నాను. ఇంతలో చిన్నాయన అడ్డొచ్చాడు.

కదిరిలో మా చిన్నాయనది మోటారు వైండింగ్ షాపు. వేసవి వస్తే గుమ్మం ముందు కాలిన మోటార్లు వరస కట్టేవి. మాడిన వార్నిష్ వాసన అంగడి దాటి రోడ్డు మీదకు కొట్టేది. కాలిన కాయిల్ని స్టేటర్‌లోంచి పీకి, చుట్లు లెక్కపెట్టి, తీగ గేజి కొలిచి, పాత నోటుబుక్కులో రాసుకునేవాడు. స్లాట్లలో ఇన్సులేషన్ పేపరు మడిచి పెట్టి, కొత్త కాయిలు దించి, పైన వెదురు పుల్ల బిగించేవాడు. ఆయన పనిలో రెండు చుట్లు పచ్చిగా తగిలాయంటే మోటారు గోవిందా. మావాడు వేడి కోసం చుడితే, చిన్నాయన వేడి పుట్టకుండా చుట్టేవాడు.

ఆయనకీ రకాలుండేవి. ఒకే సైజు కాయిళ్ళు ఒకదానిమీద ఒకటి వాలేలా ల్యాప్, చిన్నదాని చుట్టూ పెద్దది కూర్చునేలా కాన్సెంట్రిక్. లావు తీగ దొరక్కపోతే రెండు సన్నవి కలిపి చుట్టేవాడు. వంచడానికీ సులువు, స్లాటూ బాగా నిండుతుంది. మావాడి ప్యారలల్ కాయిలు నాకు కొత్త అనిపించకపోవడానికి కారణం అదే.

కానీ చిన్నాయనకు పేరు తెచ్చింది వేరే విద్య. అప్పట్లో ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా, లైను చివర ఉన్న బోర్లకు మూడు ఫేజులూ వచ్చేవి గానీ వోల్టేజి వచ్చేది కాదు. 415 వోల్టులు ఉండాల్సిన చోట మూడువందలు దాటితే అదృష్టం. “సామీ, కరెంటు ఎంత తక్కువొచ్చినా నా మోటారు లాగాల” అని రైతు అడిగేవాడు. “లాగుతాదిలే పో” అనేవాడు చిన్నాయన. చుట్లు తగ్గించి, తీగ లావు పెంచేవాడు. మోటారు నిజంగానే లాగేది. పక్క పొలం మోటారు మూలుగుతుంటే ఈయన చుట్టిన మోటారు వేరుశనగ చేనంతా తడిపేది. దాంతో పక్క రైతూ ఈయన దగ్గరికే వచ్చేవాడు.

తర్వాత జరిగిందేమిటంటే, అలా చుట్టిన మోటారు లైనులోంచి ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. నలుగురి మోటార్లు అలా లాగితే ఆ లైను చివర వోల్టేజి మరింత పడిపోతుంది. అర్ధరాత్రి లోడు తగ్గి వోల్టేజి నిండుగా వచ్చినప్పుడు, తక్కువ చుట్లున్న మోటారు తట్టుకోలేక వేడెక్కి కాలుతుంది. కాలిన మోటారు మళ్ళీ చిన్నాయన గుమ్మానికే వస్తుంది. ఆయన పనిలో లోపం వెతికినా దొరకదు. ప్రతి కాయిలూ అడిగినవాడి అవసరానికి అచ్చంగా సరిపోయింది. ఆ అవసరాన్నే ఆ పనితనం ఏడాదికేడాదీ పెంచింది.

ఇప్పుడు మావాడి ఏలియన్ కాయిలు చూడండి. “3 మిల్లీగ్రాముల నికోటిన్ ద్రవమే వాడుతున్నా మామా, ఒంటి తీగవాళ్ళు 12 వాడతారు” అని లెక్క చెప్పాడు. లెక్క ఒప్పే. కానీ ద్రవం సీసా ఎన్నాళ్ళకొకటి అని అడిగితే మాట మార్చాడు. 10 మిల్లీలీటర్ల సీసాలు అరుగుతున్న వేగం వాళ్ళమ్మకు తెలుసు. సిగరెట్టు మానడానికి మొదలైన పని, ఇప్పుడు సెలవు రోజున డ్రిల్లు మిషను ముందు కూర్చునే ముచ్చటైంది. మానేద్దామనుకున్న అలవాటుకు వాడి చేతులే కొత్త రుచి మప్పుతున్నాయి. పారేసే వేపు మీద వాడికి ప్రేమ ఉండేది కాదు, తన కాయిలు మీద ఉంది. ప్రేమించినదాన్ని మానడం కష్టం.

కాబట్టి ఏ కాయిలు మేలని వాడు అడిగితే, 26 గేజి, ఆరు చుట్లు, ఒంటి తీగే అంటాను. పాతకాలపు నిరాడంబరత మీద మోజుతో అంటున్న మాట కాదిది. దానికి ఆకలి తక్కువ, ముచ్చట తక్కువ. ఒకరోజు చుట్టడం మానేసినా చేతులు వెలితి పడవు. ఏలియన్ అంతకంటే గొప్ప పనితనమని ఒప్పుకుంటూనే ఈ మాట అంటాను.

చేతిపనిని ఇకముందూ పొగుడుతాను, ఆ జబ్బు నయమయ్యేది కాదు. కాకపోతే దండ వేసే ముందు, ఈ పని బాగా కుదిరితే ఏది పెరుగుతుందని ఒకసారి అడుగుతాను. మావాడు ఈ మాట విని, “నువ్వు ముసలాడివైపోయావు మామా” అన్నాడు. అది వాడు మాట మార్చడం రెండోసారి.