మొగ్గకు ముహూర్తం తెలుసు

పెళ్లికి పూలు ఎంచడమంటే ఇప్పుడు ఫోన్లో ఫొటో చూపించి "ఇదిగో, ఈ థీమ్" అనడమే. స్టేజీకి ఏ రంగు, కుర్చీలకు ఏ రంగు, అంతటితో సరి. మా పెద్ద మేనత్త మాత్రం సంబంధం కుదిరిందని చెప్పగానే అడిగేది ఒక్కటే: "ముహూర్తం ఎన్నింటికిరా?" నెల, గంట తేలాకే రంగు మాట. ముప్ఫై ఏళ్లకు పైగా పెళ్లికూతుళ్లకు పూలజడలు కుట్టిన మనిషి ఆవిడ. ఆ జడలు చూసిన కళ్లకు మిగతావేవీ ఆనవు. పక్షపాతమే, ఒప్పుకుంటాను.

మల్లెమొగ్గను పొద్దెక్కకముందే కోస్తారు. ఆ సాయంత్రానికి విచ్చుకోబోయే మొగ్గనే కోయాలి. పాలతెలుపు తిరిగి, బొద్దుగా ఉండాలి. పచ్చిమొగ్గ కోశారా, జడలోనే వడలిపోతుంది తప్ప విచ్చదు. మన పెళ్లిళ్లలో రాత్రి ముహూర్తాలు ఎక్కువ కదా, అత్త లెక్కంతా దాని మీదే. మధ్యాహ్నం మూడింటికి సూది పడితే విడిదింట్లో మొగ్గల జడ, పీటల మీదికి వచ్చేసరికి పూల జడ. తలంబ్రాలు పోసుకునే వేళకు పందిరంతా ఘుమఘుమ. ముహూర్తం అర్ధరాత్రి దాటిందంటే మొగ్గల్ని తడిగుడ్డలో చుట్టి నీళ్లకుండ పక్కన చల్లగా పెట్టి, కుట్టడం దీపాలు పెట్టాక మొదలుపెట్టేది.

కుట్టడం చూడాల్సింది మీరు. సవరం చేర్చి బిగుతుగా అల్లిన జడ మీదికి సరిపోయేలా అరటిపట్ట కత్తిరించేది. సన్నసూది, తడిపిన తెల్లదారం. సూది మొగ్గ కాడలోంచే పోవాలి. రేకుకు తగిలిందా, గంటలో అక్కడ గోధుమరంగు మచ్చ తేలుతుంది. మొనలన్నీ ఒకే దిక్కు చూడాలి. మెడ దగ్గర పెద్ద మొగ్గలు, కిందికి దిగేకొద్దీ చిన్నవి, మధ్యలో కనకాంబరాల గీత, అంచున మరువం, కొసన జడకుప్పెలు. వరుసలో ఒక్క మొగ్గ పొట్టిదైనా వరుసంతా విప్పేసేది. ఒకసారి కరెంటు పోతే చీకట్లోనే మొగ్గల్ని వేళ్లతో తడిమి మూడు రాసులుగా వేరుచేసింది. లాంతరు వచ్చాక నేను పరీక్షగా చూశాను, పెద్దవాటిలో చిన్నది ఒక్కటి కూడా కలవలేదు.

జడలో కనకాంబరం ఎందుకంటే అది ఒకపట్టాన వాడదు. వాసన లేదన్న లోటు పక్కనున్న మల్లె తీరుస్తుంది. ఈ పొత్తుల తెలివంతా కదంబంలో ఉంది. ఒకటి వాసనకు, ఒకటి రంగుకు, మరువం, దవనం ఆకుపచ్చకు. మల్లెలు ఎండాకాలపువి. మాఘమాసపు పెళ్లికి మల్లెలే కావాలని పట్టుబట్టేవాళ్లను అత్త విసుక్కునేది. అప్పుడు కాగడాలున్నాయి, చేమంతులున్నాయి, వాటి అందం వాటిది. మదురై మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. నా ఓటు మాత్రం మైలవరం మొగ్గకే.

చరిత్ర అడిగితే నా దగ్గర పెద్దగా లేదు. 1443లో విజయనగరం చూసిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్, ఇక్కడివాళ్లకు గులాబీలు తిండితో సమానమని రాసుకున్నాడు. ఇక జడ గొప్పతనమంటారా, కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ముఖం కంటే ముందు తెర మీదుగా జడే వస్తుంది. వేదాంతం సత్యనారాయణశర్మ ఆ వేషం కడితే మగవాడన్న మాటే జనం మరిచిపోయేవారట.

బొకే సంగతికి వస్తాను. రిసెప్షన్లో సెల్లోఫేన్ కాగితం చుట్టిన ఆ గుత్తి చేతికిస్తారు, ఫొటో తీస్తారు, వెనకున్న కుర్రాడు లాక్కుని మూలన పడేస్తాడు. మనకు చెండు లేదా? పెళ్లిలో వధూవరులు ఎదురెదురుగా కూర్చుని ఆడే పూలచెండ్లాట ఎంతమందికి గుర్తుంది? ఆ చెండు కట్టడం జడ కుట్టడానికేం తీసిపోదు. మాలను ఉండగా చుట్టి, నానబెట్టి సన్నగా చీల్చిన అరటినారతో అడ్డంగా, నిలువుగా బిగించాలి. విసిరితే విడిపోకూడదు, తగిలితే నొప్పి పుట్టకూడదు. పెళ్లికూతురు సిగ్గుపడుతూ మెల్లగా వేసే మొదటి చెండు, పంతం పట్టి గురి చూసి కొట్టే ఐదో చెండు, రెండింటికీ ఒకే కట్టు ఆగాలి.

ఇప్పుడొచ్చేవేమిటి? స్పాంజి దండలు, గుడ్డపూల జడలు. ఒకే అద్దె జడ ఈ వారం ఒక పిల్ల వీపున, వచ్చేవారం ఇంకో పిల్ల వీపున. రంగునీళ్లలో ముంచిన నీలం చేమంతులు కూడా! మా బంధువుల పెళ్లిలో ఆ నీలం కాస్తా పట్టుచీర భుజానికి దిగింది. ఖర్చు తగ్గించుకున్నారంటే అర్థం చేసుకుంటాను. లక్షలు పోసి ప్లాస్టిక్ గోడ కట్టించి, జడ కుట్టే ఆవిడ దగ్గర వందకు బేరమాడేవాళ్లను ఏమనాలి? కడియపులంకలో, గుడిమల్కాపూర్‌లో పూలు తట్టలకు తట్టలు దిగుతూనే ఉన్నాయి. తరిగిపోతున్నవి కుట్టే చేతులు. మీ వీధిలో అలాంటి చేయి ఒక్కటున్నా శుభలేఖ అచ్చుకిచ్చే ముందే వెళ్లి అడగండి, మీ ఆడపిల్లను పక్కన కూర్చోబెట్టి దారం అందించమనండి.

పోయిన వైశాఖంలో మా మేనకోడలి పెళ్లికి ఈవెంట్ వాళ్లు పెట్టెలోంచి తయారుజడ తీశారు. బరువుండదు, వాడదు, ఫొటోలో తేడా తెలియదన్నారు. అత్త చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి, సూది పట్టలేదు. జడను ఒళ్లో పెట్టుకుని కాసేపు నిమిరింది. "ఇది ఎన్నింటికి విచ్చుకుంటుందిరా?" అంది. ఈవెంట్ కుర్రాడు నావైపు చూశాడు. అత్త సంచిలోంచి తడిగుడ్డ తీసి, పొద్దున తనే వణికే వేళ్లతో కట్టుకున్న రెండు మూరల మల్లెమాలను ఆ జడ కిందికి, పైకి కనపడకుండా పిన్నులతో గుచ్చింది. రాత్రి తొమ్మిదిన్నరకు జీలకర్ర బెల్లం పెడుతుంటే వాసన గుప్పుమంది. పక్కనున్నవాళ్లంతా ఆ ప్లాస్టిక్ జడ వంక తిరిగి, ఎంత బాగా కుట్టారో అనుకున్నారు.